ఆర్‌ఎఫ్‌ఐడీ స్వీకరణపై పరిశోధన చేయాలంటే: ప్రశ్న దగ్గర్నుంచి థీసిస్ దాకా

ఆర్‌ఎఫ్‌ఐడీ అంటే వస్తువుకు అంటించిన ట్యాగ్‌లోని నంబరును రీడర్ అనే పరికరం రేడియో తరంగాలతో చదివే టెక్నాలజీ. 2003 జూన్‌లో వాల్‌మార్ట్ తన వంద పెద్ద సరఫరాదారులకు ఒక కబురు చెప్పింది. 2005 జనవరికల్లా తమకు వచ్చే ప్యాలెట్లకూ (పెట్టెలు పేర్చి ఎత్తే పలకలు) అట్టపెట్టెలకూ ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్ ఉండాలంది. అదే ఏడాది అమెరికా రక్షణ శాఖ కూడా ఇలాంటి విధానమే ప్రకటించింది. అప్పుడు చాలామంది సరఫరాదారులు సరుకు లారీ ఎక్కబోయే ముందు ట్యాగ్ అంటించి పంపేయడం మొదలుపెట్టారు. ఆ ట్యాగ్ నుంచి వచ్చే సమాచారాన్ని తమ స్టాక్ లెక్కల్లోగానీ ఉత్పత్తి ప్రణాళికలోగానీ వాడుకున్నది లేదు. ఈ పద్ధతికి 'స్లాప్ అండ్ షిప్' అని పేరు కూడా పడిపోయింది.

ఇలాంటి సరఫరాదారుకు మీరొక ప్రశ్నావళి పంపి "మీ సంస్థ ఆర్‌ఎఫ్‌ఐడీ వాడుతోందా?" అని అడిగారనుకోండి. అవును అని టిక్ పెడతాడు. అందులో అబద్ధమేమీ లేదు. ప్రతి తలుపు దగ్గరా రీడర్ పెట్టి, కాగితం లెక్కలు మానేసి, ఆ డేటా చూసే ఆర్డర్లు పెట్టే ఇంకో సంస్థ కూడా అదే గడిలో టిక్ పెడుతుంది. మీ స్ప్రెడ్‌షీట్‌లో రెండూ ఒకే '1'గా మిగులుతాయి. ఆ తర్వాత ఎంత పెద్ద గణాంక పద్ధతి వాడినా ఈ పొరపాటు సరికాదు. ఆర్‌ఎఫ్‌ఐడీ స్వీకరణ మీద వచ్చే థీసిస్‌లలో నాకు ఎక్కువగా కనిపించే లోపం ఇదే. అందుకే ఈ మార్గదర్శిలో మొదటి మెట్టుకే ఎక్కువ చోటిస్తున్నాను.

1. 'స్వీకరణ' అంటే ఏమిటో ముందే రాసిపెట్టుకోండి

సాహిత్య సమీక్ష కంటే ముందు చేయాల్సిన పని ఇది. రెండు విషయాలు తేల్చుకోవాలి: స్వీకరిస్తున్నది ఎవరు, ఏ దశ వరకు వచ్చారు.

ఎవరు అన్నది పైకి చూస్తే తేలికగానే ఉంటుంది. ఫోన్‌లో ఒక యాప్ వాడాలా వద్దా అన్నది మనిషి సొంతంగా నిర్ణయించుకుంటాడు. గోదాములో పనిచేసే మనిషికి ఆ అవకాశం లేదు. తలుపు మీద యాంటెన్నా ఉంటుంది, పెట్టె దాని కింద నుంచి పోతుంది, ట్యాగ్ దానంతట అదే చదవబడుతుంది. "మీకు ఈ టెక్నాలజీ వాడే ఉద్దేశం ఎంత ఉంది?" అని అతన్ని అడిగితే ఏం చెప్తాడు? నిర్ణయం పైనెక్కడో జరిగిపోయింది. కాబట్టి మీ పరిశోధన సంస్థ నిర్ణయం గురించా, ఆ నిర్ణయం వచ్చాక పనివాళ్లు దానితో ఎలా నెట్టుకొస్తున్నారన్న దాని గురించా, లేక కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య ఉన్న సంబంధం గురించా అన్నది ఒక్క వాక్యంలో రాయగలగాలి.

మూడోది ఆర్‌ఎఫ్‌ఐడీ విషయంలో ప్రత్యేకమైనది. ట్యాగ్ కొని అంటించే ఖర్చు ఒకరిది, దాన్ని చదివి స్టాక్ తగ్గించుకునే లాభం ఇంకొకరిది. ఈ తేడాను పట్టించుకోని మోడల్, సరఫరాదారు ఎందుకు వెనకాడుతున్నాడో చెప్పలేక "అవగాహన లోపం" మీదకు నెట్టేస్తుంది. అతనికి అవగాహన ఉంది. లెక్క వేసుకునే వెనకాడుతున్నాడు.

దశల సంగతికొస్తే, కూపర్, జ్‌మడ్ 1990లో ఇచ్చిన ఆరు దశల వరస ఇప్పటికీ పనికొస్తుంది: ఆలోచన మొదలవడం, నిర్ణయం తీసుకోవడం, సంస్థకు తగ్గట్టు మార్చుకోవడం, జనం ఒప్పుకోవడం, రోజువారీ పనిలో కలిసిపోవడం, చివరికి దాని సత్తా పూర్తిగా వాడుకోవడం. ఆర్‌ఎఫ్‌ఐడీకి దాన్ని ఇంకొంచెం నేలమీదికి దించమని నా సలహా. పైలట్ (చిన్న స్థాయి ప్రయోగం) మాత్రమే చేసిన సంస్థలు, కొనుగోలుదారు అడిగాడని ట్యాగ్ అంటించి పంపే సంస్థలు, లోపల రీడర్లున్నా పక్కన బార్‌కోడ్ స్కానింగ్ కూడా కొనసాగిస్తున్నవి, బార్‌కోడ్ మానేసి ఈ డేటా మీదే నిర్ణయాలు తీసుకుంటున్నవి అని విడదీయండి. వీటితో పాటు ఇంకొకటి తప్పకుండా ఉండాలి: మొదలుపెట్టి మానేసినవి. ఈ గడి లేని సర్వే, నిలబడ్డవాళ్లను మాత్రమే లెక్కపెట్టి విజయ రహస్యాలు రాసినట్టు అవుతుంది.

2. మోసపోనంత టెక్నాలజీ నేర్చుకోండి

మీరు ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు కానక్కర్లేదు. కానీ సైట్‌కి వెళ్లినప్పుడు ఎవరైనా "మా దగ్గర రీడ్ రేట్ 98 శాతం" అంటే వెంటనే ఏం అడగాలో తెలియాలి. రీడ్ రేట్ అంటే ఉన్న ట్యాగుల్లో రీడర్ ఎన్నిటిని చదవగలిగిందన్న లెక్క.

ఈ టెక్నాలజీలో మూడు ప్రధాన పౌనఃపున్య శ్రేణులున్నాయి. 125 నుంచి 134 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న తక్కువ శ్రేణి పశువుల ట్యాగుల్లో, పాత తరహా ప్రవేశ కార్డుల్లో కనిపిస్తుంది. 13.56 మెగాహెర్ట్జ్ శ్రేణి స్మార్ట్ కార్డుల్లో, లైబ్రరీ పుస్తకాల్లో ఉంటుంది. చదివే దూరం తక్కువ. 860 నుంచి 960 మెగాహెర్ట్జ్ మధ్య ఉండే యూహెచ్‌ఎఫ్ (అత్యధిక పౌనఃపున్య) శ్రేణి మీటర్ల దూరం నుంచి చదువుతుంది. గోదాములూ బట్టల దుకాణాలూ వాడేది ఎక్కువగా దీన్నే. ఈ శ్రేణిలో ఏ ముక్కను అనుమతించాలన్నది ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉంటుంది. ఉత్తర అమెరికాలో 902 నుంచి 928, యూరప్‌లో 865 నుంచి 868 ప్రాంతం. దేశాలు దాటే సరఫరా గొలుసు మీద పనిచేస్తుంటే ఇది కూడా ఒక అంశమవుతుంది.

యూహెచ్‌ఎఫ్ ట్యాగులు ఎక్కువగా బ్యాటరీ లేనివి. రీడర్ పంపిన తరంగం నుంచే శక్తి తీసుకుని, దాన్నే కాస్త మార్చి వెనక్కి ప్రతిఫలింపజేస్తాయి. ఇలా ప్రతిఫలించిన శక్తితో సమాచారం పంపవచ్చని హ్యారీ స్టాక్‌మన్ 1948లోనే రాశాడు. నీళ్లు ఈ తరంగాన్ని పీల్చుకుంటాయి, లోహం తిప్పికొడుతుంది. అందుకే బట్టల వ్యాపారంలో సాఫీగా సాగిన పద్ధతి, సీసాలూ డబ్బాలూ ఉన్న చోట ఎన్నో తిప్పలు పెట్టింది. అంటే సంస్థ అమ్మే వస్తువు ఏమిటన్నది మీ మోడల్‌లో తప్పకుండా ఉండాల్సిన చలరాశి. లైబ్రరీలనూ గోదాములనూ ఒకే సర్వేలో కలిపి "ఆర్‌ఎఫ్‌ఐడీ వాడే సంస్థలు" అనడం సరికాదు. పేరొకటే గానీ, అవి రెండు వేరే టెక్నాలజీలు.

ఇప్పుడు ఆ 98 శాతం సంగతి. ఒక్కో పెట్టె చదవబడే అవకాశం 98 శాతం, ప్యాలెట్ మీద 60 పెట్టెలు, ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద లేదు అనుకుందాం. మొత్తం 60 పెట్టెలూ చదవబడే అవకాశం 0.98ని అరవైసార్లు గుణిస్తే వస్తుంది: దాదాపు 30 శాతం. అంటే ప్రతి పది ప్యాలెట్లలో ఏడింటికి లెక్క తప్పుతుంది, ఎవరో ఒకరు వెళ్లి చేత్తో సరిచూడాలి. ఒక్కో పెట్టెకి 99.5 శాతం ఉన్నా పూర్తిగా సరిపోయే ప్యాలెట్లు 74 శాతమే. మేనేజర్ 98 శాతం అని సంతోషంగా చెప్పేదీ, తలుపు దగ్గర మనిషి "ఇది పనిచేయదు సార్" అనేదీ రెండూ నిజమే. కాబట్టి రీడ్ రేట్ ఎంతో చెప్పగానే, అది పెట్టెకా ప్యాలెట్‌కా అని అడగండి. ఏ రోజు, ఏ తలుపు దగ్గర, ఎవరు కొలిచారో కూడా రాసుకోండి.

కుదిరితే మీరే కొలవండి. ట్యాగులున్న పెట్టెలు ఎన్నో ముందే లెక్కపెట్టి, అదే ప్యాలెట్‌ను చాలాసార్లు తలుపు గుండా తీసుకెళ్లి, ప్రతిసారీ ఎన్ని వేర్వేరు ట్యాగ్ నంబర్లు వచ్చాయో రాయాలి. వేగం, ప్యాలెట్ తిరిగిన దిశ మార్చి మళ్లీ చేయాలి. సగం రోజు పని. థీసిస్‌లో ఒక పేజీ కూడా పట్టదు, కానీ ఇంటర్వ్యూల్లో విన్నదాన్ని దేనితో పోల్చి చూడాలో ఆ పేజీ చెప్తుంది.

3. సాఫ్ట్‌వేర్ ఎలా తయారవుతోందో చూడండి

స్వీకరణ మోడళ్లలో ఎక్కువగా కనిపించకుండా పోయే భాగం ఇది. "సాంకేతిక సామర్థ్యం" అని ఒక చలరాశి పెట్టి, నాలుగు ప్రశ్నలడిగి వదిలేస్తుంటారు. నిజానికి పైలట్ బతుకుతుందా చస్తుందా అన్నది తేలేది చాలావరకు ఇక్కడే.

రీడర్ ఇచ్చే డేటా పచ్చిగా ఉంటుంది. ఒకే ట్యాగ్ కొన్ని క్షణాల్లోనే ఎన్నోసార్లు నమోదవుతుంది. ఒక్కోసారి అసలు నమోదు కాదు. పక్క తలుపు దగ్గర ఆగి ఉన్న ప్యాలెట్‌లోని ట్యాగ్ ఈ తలుపు లెక్కలోకి వచ్చేస్తుంది. ఈ గందరగోళంలోంచి "ఈ ప్యాలెట్ ఇప్పుడు లోపలికి వచ్చింది" అనే ఒక్క వాక్యాన్ని బయటికి తీసేది మిడిల్‌వేర్. ఎంతసేపు కనిపించకపోతే ట్యాగ్ వెళ్లిపోయినట్టు లెక్క అన్న చిన్న అంకె ఒకటి ఎక్కడో కాన్ఫిగరేషన్‌లో ఉంటుంది. దాన్ని తక్కువ పెడితే అక్కడే ఉన్న సరుకు పోయినట్టు కనిపిస్తుంది, ఎక్కువ పెడితే పోయిన సరుకు ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ అంకెను ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు? ఈ మూడింటికి జవాబు దొరికే సంస్థకూ, "అది మాకు పరికరాలు అమ్మినవాళ్లు పెట్టారు" అనే సంస్థకూ ఉన్న తేడాను ఏ లైకర్ట్ స్కేలూ (ఐదుకో ఏడుకో మార్కులేసే ప్రశ్న) పట్టుకోలేదు.

అందుకని సాఫ్ట్‌వేర్ బృందం దగ్గర ఈ విషయాలు తెలుసుకోండి. కొత్త వెర్షన్ ఎన్నాళ్లకొకసారి గోదాములోకి వెళ్తోంది? రీడర్ల కాన్ఫిగరేషన్ కూడా కోడ్‌తో పాటు వెర్షన్ కంట్రోల్‌లో (ప్రతి మార్పునూ నమోదు చేసే వ్యవస్థలో) ఉందా, లేక ఒకరి ల్యాప్‌టాప్‌లో ఉందా? పరికరాలు లేకుండా ఎలా పరీక్షిస్తున్నారు? మంచి బృందాలు నిజమైన తలుపు దగ్గర రికార్డు చేసిన రీడ్‌లను దాచిపెట్టుకుని, కోడ్ మార్చినప్పుడల్లా వాటినే మళ్లీ నడిపి ఫలితం సరిపోయిందో లేదో చూసుకుంటాయి. తలుపు దగ్గర పనిచేసే మనిషి డెమోలకు వస్తాడా? అతను తప్పు చెప్పిన రోజుకూ అది సరిచేసిన రోజుకూ మధ్య ఎంత ఎడం ఉంది?

చివరి ప్రశ్నకు జవాబు సాధారణంగా టికెట్ల సిస్టమ్‌లో (ఫిర్యాదులు నమోదు చేసే చోట) తేదీలతో సహా ఉంటుంది. వరసగా కొన్ని వారాలు లెక్క తప్పుతున్నా ఎవరూ పట్టించుకోకపోతే మనుషులు మళ్లీ చేతి స్కానర్ అందుకుంటారు. ఒకసారి అందుకున్నాక, సాఫ్ట్‌వేర్ బాగుపడినా దాన్ని కింద పెట్టరు. తప్పు దొరికాక సరిచేయడానికి పట్టే కాలానికీ, పాత పద్ధతికి వెనక్కి పోవడానికీ సంబంధం ఉందా అన్నది మంచి పరికల్పన. పైగా కొలవగలిగేది.

రీడర్‌తో మాట్లాడటానికి ఎల్‌ఎల్‌ఆర్‌పీ, సంఘటనలను సంస్థల మధ్య పంచుకోవడానికి ఈపీసీఐఎస్ లాంటి ప్రమాణాలున్నాయి. రెండూ 2007లో ఆమోదం పొందాయి, ఈపీసీఐఎస్ 2.0 వెర్షన్ 2022లో వచ్చింది. సంస్థ వీటిని వాడుతోందా, సొంత ఫార్మాట్‌లో కట్టుకుందా అన్నది కూడా రాసుకోండి. రేపు పరికరాలు అమ్మే కంపెనీని మార్చడం ఎంత కష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది.

4. సాహిత్య సమీక్ష: తేదీ చూసి చదవండి

ఈ రంగంలో ఒక పెద్ద అల వచ్చింది. 1999లో ఎంఐటీలో ఆర్‌ఎఫ్‌ఐడీ మీద పనిచేసే ఆటో-ఐడీ సెంటర్ మొదలవడం, 2003లో వాల్‌మార్ట్ ప్రకటన, 2004లో యూహెచ్‌ఎఫ్ ట్యాగులకు జెన్2 ప్రమాణం ఆమోదం పొందడం, వీటి వెంట పరిశోధన పత్రాలు వెల్లువెత్తాయి. ఆ రోజుల్లో ట్యాగ్ ధర ఎక్కువ, ప్రమాణాలు కొత్త, అందరికీ అనుమానాలే. ఖర్చే పెద్ద అడ్డంకి అని అప్పటి సర్వే చెప్పినదాన్ని ఇప్పటి పరిస్థితికి యథాతథంగా అన్వయించకండి. ప్రతి పత్రానికీ పక్కన అది ప్రచురితమైన ఏడాదితో పాటు డేటా సేకరించిన ఏడాదిని కూడా రాయండి. రెండింటి మధ్య కొన్నేళ్ల తేడా ఉండటం మామూలే.

పత్రాల పట్టిక రచయితల వారీగా కాకుండా భావనల వారీగా ఉండాలి. నా వరకు నేను చూసే గడులు ఇవి: ఎవరి నిర్ణయం, ఏ శ్రేణి ట్యాగ్, ఏ వస్తువు, స్వీకరణను ఎలా కొలిచారు, జవాబిచ్చింది ఎవరు, మానేసినవాళ్లు ఉన్నారా. ఈ పట్టిక నిండేసరికి ఖాళీ ఎక్కడుందో మీకే కనిపిస్తుంది. "ఈ దేశంలో ఇంతవరకు ఎవరూ చేయలేదు" అన్నది ఒక్కటే మీ పరిశోధనకు కారణమైతే పరీక్షకులు పెదవి విరుస్తారు. ఆ దేశంలో కారణాలు ఎందుకు వేరుగా పనిచేయాలో చెప్పగలగాలి.

పరికరాలు అమ్మే కంపెనీల విజయగాథలను ఆధారంగా తీసుకోకండి. ఎక్కడ ఏం మొదలైందో తెలుసుకోవడానికి మాత్రం అవి పనికొస్తాయి. రెండేళ్ల తర్వాత అదే సంస్థ గురించి ఎక్కడా మాట లేదంటే, అక్కడికి ఫోన్ చేయడం మంచి పరిశోధన.

5. సిద్ధాంతం ఒకటి చాలు, కావాలంటే రెండు

టామ్ (టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్) అనే మోడల్‌ను ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రచురించాడు. ఉపయోగం ఉందనిపించడం, వాడటం తేలికనిపించడం అన్న రెండింటి మీద మనిషి ఉద్దేశాన్ని అంచనా వేస్తుంది. అందరికీ తెలుసు, ప్రశ్నలు రెడీగా దొరుకుతాయి, అందుకే విద్యార్థులు దీని వైపే పరుగెడతారు. వాడాలా వద్దా అన్నది ఆ మనిషి చేతిలో ఉన్నప్పుడే దీనికి బలం. వినియోగదారు తన ఇష్టంతో ఎంచుకునే ఆర్‌ఎఫ్‌ఐడీ చెల్లింపు కార్డుకైతే సరే. గోదాము తలుపుకు కాదు.

సంస్థ స్థాయిలో టోర్నాట్‌స్కీ, ఫ్లైషర్ 1990లో ఇచ్చిన టీఓఈ చట్రం బాగా కుదురుతుంది. టెక్నాలజీ, సంస్థ, పరిసరాలు అని మూడు భాగాలు. దీని ఇబ్బంది ఏమిటంటే ఏదైనా ఇందులో పడుతుంది. పదిహేను చలరాశులను మూడు డబ్బాల్లో వేసి సిద్ధాంతం అనుకునే ప్రమాదముంది. 1995లో యాకొవూ, బెన్‌బసాట్, డెక్స్‌టర్ చిన్న సంస్థల్లో ఈడీఐ (సంస్థల మధ్య పత్రాలను కంప్యూటర్ల ద్వారా పంపుకునే పద్ధతి) గురించి చేసిన పని నాకు ఇంకా నచ్చుతుంది: లాభాల అంచనా, సంస్థ సిద్ధంగా ఉండటం, బయటి ఒత్తిడి. మూడే. పెద్ద కొనుగోలుదారు మెడ మీద కత్తి పెట్టే సందర్భానికి అతికినట్టు సరిపోతాయి.

ఆ ఒత్తిడి ఎలాంటిదో విడదీసి చూడాలంటే డిమాజియో, పావెల్ 1983లో చెప్పిన మూడు రకాలు తీసుకోండి: బలవంతం, పక్కవాణ్ని చూసి చేయడం, వృత్తిలో అందరూ ఒప్పుకున్న పద్ధతి కావడం. బలవంతంతో వచ్చిన స్వీకరణ 'స్లాప్ అండ్ షిప్' దగ్గరే ఆగిపోతుందా, చూసి నేర్చుకున్నది లోతుగా వెళ్తుందా అన్న ప్రశ్న వేసుకుంటే, మొదటి మెట్టులో మీరు రాసుకున్న దశలకూ సిద్ధాంతానికీ ముడి పడుతుంది. నాలుగు సిద్ధాంతాలను కలిపి బాణాలతో నిండిన పెద్ద బొమ్మ గీయకండి. ఏ బాణం తప్పని తేలితే ఏ సిద్ధాంతం ఓడినట్టో మీరే చెప్పలేరు.

6. పద్ధతి

మాస్టర్స్ స్థాయిలో, ఏడాది లోపు సమయంతో, ఎక్కువ సంస్థలతో పరిచయం లేకపోతే కేస్ స్టడీయే చేయండి. రెండు మూడు సంస్థలు చాలు. వాటిలో ఒకటి మొదలుపెట్టి మానేసినదై ఉండేలా చూడండి. అలాంటి సంస్థను ఒప్పించడం కష్టమే, కానీ అక్కడ ఒక్క ఇంటర్వ్యూలో దొరికేది విజయవంతమైన చోట పది ఇంటర్వ్యూల్లో దొరకదు.

సర్వే చేయాలనుకుంటే శాంపిల్ ఎంత కావాలో ముందే లెక్కవేయండి. ఐదు చలరాశులతో రిగ్రెషన్, మధ్యస్థ ప్రభావం, 0.05 స్థాయి, 80 శాతం పవర్ (నిజంగా ఉన్న ప్రభావాన్ని పట్టుకునే అవకాశం) అంటే 92 జవాబులు కావాలి. ఇక్కడ 92 అంటే 92 సంస్థలు. ఒకే సంస్థలో 92 మంది కాదు! ఆర్‌ఎఫ్‌ఐడీని నిజంగా వాడే సంస్థలు మీకు అందుబాటులో అన్ని ఉన్నాయా అన్నది నిజాయితీగా చూసుకోండి. లేకపోతే విద్యార్థులతో నింపేయాలన్న ఆలోచన వస్తుంది. ఎప్పుడూ గోదాము చూడని విద్యార్థి, గోదాము టెక్నాలజీ ఉపయోగం మీద ఏడులో ఆరు మార్కులేస్తే ఆ ఆరుకు అర్థం లేదు.

ప్రభావం కొలవాలంటే పోలిక కావాలి. 2005లో ఆర్కన్సా విశ్వవిద్యాలయం వాళ్లు వాల్‌మార్ట్ దుకాణాల్లో చేసిన అధ్యయనం దీనికి మంచి నమూనా. ఆర్‌ఎఫ్‌ఐడీ ఉన్న 12 దుకాణాలను, అది లేని 12 దుకాణాలతో పోల్చారు. అరల్లో సరుకు అయిపోయే సందర్భాలు 16 శాతం తగ్గాయని తేల్చారు. ఆ రెండో పన్నెండు లేకపోతే, సీజన్ మారడం వల్ల వచ్చిన తేడా అంతా ట్యాగ్ ఖాతాలో పడిపోయేది.

7. అనుమతులు, అడగాల్సిన డేటా

మొదటి మెయిల్‌లోనే ఏం కావాలో స్పష్టంగా రాయండి. "మీ అనుభవాలు తెలుసుకోవాలి" అని రాస్తే హెచ్‌ఆర్ దగ్గర ఆగిపోతుంది. అడగాల్సినవి ఇవి:

- కొన్ని నెలల రీడర్ లాగ్‌లు, వీలైతే ఫిల్టర్ చేయకముందువి
- బార్‌కోడ్ స్కాన్‌ల రికార్డులు అదే కాలానికి
- టికెట్ల సిస్టమ్ నుంచి తేదీలు, వర్గాలు (పేర్లు తీసేసి)
- వెర్షన్ల విడుదల తేదీలు, కాన్ఫిగరేషన్ మార్పుల చరిత్ర
- ప్రాజెక్టు మొదలైనప్పటి ప్రతిపాదన, అందులో చూపిన లాభాల లెక్క

రెండోది ఎందుకంటే, ఆర్‌ఎఫ్‌ఐడీ పూర్తిగా వచ్చిందని చెప్పే చోట బార్‌కోడ్ స్కాన్‌లు ఏమాత్రం తగ్గకపోతే కథ అక్కడే తెలిసిపోతుంది. నా దృష్టిలో స్వీకరణకు ఇంతకంటే నమ్మదగ్గ కొలత లేదు.

ఉద్యోగుల కార్డులతో కదలికలు నమోదయ్యే చోట జాగ్రత్త. పెట్టెల లాగ్‌ను షిఫ్టుల పట్టికతో కలిపినా ఫలానా మనిషి ఎంత నెమ్మదిగా పనిచేశాడో బయటపడుతుంది. మీ విశ్వవిద్యాలయం నైతికత కమిటీకి ఈ సంగతి ముందే చెప్పి, ఏ స్థాయికి పైన మాత్రమే ఫలితాలు ఇస్తారో రాసివ్వండి. యాజమాన్యం మధ్యలో "ఆ వివరం కాస్త మాకూ ఇవ్వండి" అని అడిగితే చూపించడానికి ఆ కాగితం ఉండాలి. వినియోగదారుల గోప్యత విషయం కూడా తేలిగ్గా తీసుకోకండి. 2003లో బట్టల్లో ట్యాగులు పెడతారన్న వార్త మీద బెనెటన్‌కు వ్యతిరేకంగా బహిష్కరణ పిలుపు వచ్చింది. జెన్2 ట్యాగుల్లో వాటిని శాశ్వతంగా పనిచేయకుండా చేసే 'కిల్' కమాండ్ ఉంది. సంస్థ దాన్ని వాడుతోందా అని అడగండి. దుకాణాల మీద పరిశోధనైతే ఇది అడగకుండా రాకండి.

8. ఇంటర్వ్యూలు, ప్రశ్నావళి

ముందు ఇంటర్వ్యూలు, తర్వాత ప్రశ్నావళి. తలకిందులుగా చేస్తే మీకు తెలిసిన కారణాలకే మార్కులు వస్తాయి.

మేనేజర్‌తో మొదలుపెట్టక తప్పదు, కానీ అక్కడ ఆగకండి. తలుపు దగ్గర పనిచేసేవాళ్లు, లెక్కలు చూసేవాళ్లు, కోడ్ రాసినవాళ్లు, ముగ్గురూ కావాలి. అభిప్రాయం అడిగితే మర్యాదగా బాగుందంటారు. జరిగినది అడగండి. "చివరిసారి లెక్క తప్పినప్పుడు మీరేం చేశారు?" "అది ఎవరికి చెప్పారు?" "సిస్టమ్ పనిచేయని రోజు పని ఎలా నడుస్తుంది?" మూడో ప్రశ్నకు "మామూలుగానే" అని జవాబొస్తే, ఆ సిస్టమ్ పనిలో కలవలేదని అర్థం.

ప్రశ్నావళిలో వీలైనంతవరకు ముందే పరీక్షించిన స్కేళ్లను తీసుకుని మీ సందర్భానికి మార్చుకోండి. వేరే భాషలోకి మారిస్తే, మూలం చూడని ఇంకొకరితో తిరిగి వెనక్కి అనువాదం చేయించి పోల్చండి. పంపే ముందు నలుగురైదుగురిని పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి ప్రశ్నా చదువుతూ వాళ్లకు ఏం తోస్తోందో పైకి చెప్పమనండి. గంటలో పదాల తప్పులన్నీ బయటపడతాయి.

ఇంకో పెద్ద చిక్కుంది. కారణాలకూ ఫలితానికీ ఒకే మనిషి, ఒకే కాగితం మీద, ఒకే మూడ్‌లో మార్కులేస్తే అవి ఒకదానితో ఒకటి కలిసి కదులుతాయి. చాలామంది చివర్లో హార్మన్ పరీక్ష (జవాబులన్నీ ఒకే అంశంలోకి కుదిరిపోతున్నాయా అని చూసేది) అని ఒకటి పెట్టి గండం గడిచిందనుకుంటారు. అది బలహీనమైన పరీక్ష. కారణాలను మేనేజర్‌ని అడిగి, స్వీకరణ స్థాయిని లాగ్‌ల నుంచి మీరే కొలిస్తే ఈ టెన్షన్ చాలావరకు ఉండదు.

9. విశ్లేషణ

ఇంటర్వ్యూలను పూర్తిగా రాసుకుని, కోడింగ్ (ప్రతి భాగానికీ అంశం పేరు పెట్టడం) చేయండి. కొంత భాగాన్ని ఇంకొకరితో విడిగా కోడ్ చేయించి, ఏకీభవించని చోట్ల ఎందుకో మాట్లాడుకోండి. సంస్థల మధ్య పోల్చే పట్టికలో మీ వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణను దాచకండి.

సర్వేలో క్రోన్‌బాక్ ఆల్ఫా (ఒకే విషయం మీది ప్రశ్నల పొందిక) 0.70 పైన, ఏవీఈ (ఆ ప్రశ్నలు అసలు భావనను ఎంత పట్టుకున్నాయో) 0.50 పైన, హెచ్‌టీఎంటీ (రెండు భావనలు నిజంగా వేరేనా అన్నది) 0.85 లేదా 0.90 కంటే తక్కువ, ఇవి మామూలుగా అడిగే హద్దులు. సాఫ్ట్‌వేర్ ఒక్క క్లిక్‌తో ఇచ్చేస్తుంది కాబట్టి దీనిమీద ఎక్కువ చెప్పను. స్వీకరణను దశలుగా కొలిచారు గనుక మామూలు రిగ్రెషన్ కంటే క్రమ స్థాయిలకు సరిపోయే ఆర్డినల్ రిగ్రెషన్ చూడండి. మానేసిన సంస్థలను ఆ వరసలో అడుగున పెట్టకండి. అవి ఎప్పుడూ మొదలుపెట్టని సంస్థల్లాంటివి కావు, విడిగా చూడాలి.

లాగ్‌లతో పని మొదలుపెట్టేటప్పుడు ముందు గడియారాలు సరిపోతున్నాయో చూడండి. రీడర్ టైమూ సర్వర్ టైమూ కొన్ని నిమిషాలు తేడాగా ఉంటే, ప్యాలెట్ రాకముందే వెళ్లిపోయినట్టు కనిపిస్తుంది. టికెట్ల తేదీలనూ, వెర్షన్ విడుదలలనూ, చేతి స్కాన్‌ల సంఖ్యనూ ఒకే కాలరేఖ మీద గీయండి. ఎక్కడ స్కాన్‌లు మళ్లీ పెరిగాయో ఆ వారం గురించి ఇంటర్వ్యూల్లో వెతకండి, దొరక్కపోతే వెళ్లి అడగండి.

10. రాయడం, అప్పగించడం

పద్ధతి అధ్యాయంలో మీరు వాడిన స్వీకరణ నిర్వచనం మొదటి పేజీలోనే ఉండాలి. ఫలితాల్లో ప్రతి వాదన పక్కనా "దీనికి వేరే కారణం ఉండే అవకాశముందా?" అని మీరే అడిగి జవాబు రాయండి. పెద్ద సంస్థలు ఎక్కువగా స్వీకరించాయని తేలితే, అది సంస్థ పరిమాణం వల్లా, పెద్ద సంస్థలకే పెద్ద కొనుగోలుదారులు ఉండటం వల్లా? ఉద్దేశం మాత్రమే కొలిచి ఉంటే శీర్షికలో కూడా ఉద్దేశం అనే రాయండి, స్వీకరణ అనకండి.

చిత్తుప్రతిలో సంస్థ గురించి రాసిన వాస్తవాలను మాత్రం విడిగా తీసి వాళ్లకు పంపి సరిచూడమనండి. తేదీలు, సంఖ్యలు వాళ్లు దిద్దవచ్చు. మీ అభిప్రాయాలు, ముగింపులు దిద్దే హక్కు లేదని అనుమతి పత్రంలో ముందే ఉండాలి. పైలట్ ఆగిపోయిన సంస్థ నుంచి ఈ దశలో ఒత్తిడి రావడం సహజం. అలాంటప్పుడు పేరు తీసేయడానికి ఒప్పుకోండి, జరిగినదాన్ని మార్చడానికి ఒప్పుకోకండి.

కోడింగ్ పట్టిక, ప్రశ్నావళి, లాగ్‌లను శుభ్రం చేసిన స్క్రిప్టులు థీసిస్‌కు అనుబంధంగా పెట్టండి. పచ్చి లాగ్‌లు మాత్రం సంస్థ సొత్తు. వాటిని ఎప్పటివరకు ఉంచుకోవచ్చో ఒప్పందంలో తేదీ ఉంటుంది. ఆ తేదీకి బ్యాకప్‌లతో సహా తొలగించి, తొలగించామని ఒక మెయిల్ రాయండి.